మొవ్వు మీద ఎర్ర గీత

సోమయ్య చెట్టు దగ్గరికి రాగానే ముందు చెప్పులు విప్పుతాడు, తర్వాత నాతో పోట్లాడతాడు, ఆ తర్వాతే ఎక్కుతాడు. పదకొండేళ్ళుగా ఇదే వరస. నా పేరు ఝాన్సీలక్ష్మి. డిగ్రీ కాలేజీలో ముప్పై రెండేళ్ళు వృక్షశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. ఏ.ఎస్. రావు నగర్‌లో మూడో అంతస్తులో ఉంటాను. మా అపార్ట్‌మెంటు ఆవరణలో ఉన్న ఒకే ఒక్క కొబ్బరిచెట్టు నాది. నాదంటే, ఇరవై రెండేళ్ళ కిందట అమలాపురం నుంచి బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చి నాటింది నేనే.

సోమయ్యది తిరుమలగిరి. వాళ్ళ నాయన, తాత తాటిచెట్లెక్కి కల్లు గీసినవాళ్ళు. అతనూ పద్దెనిమిదో ఏట నడుముకు మోకు కట్టాడు. మోకంటే మనిషినీ చెట్టునూ కలిపి పట్టే తాడు. తాటివనాలన్నీ ప్లాట్లయిపోయాక అదే మోకుతో కాలనీల్లో కొబ్బరిచెట్లెక్కడం మొదలుపెట్టాడు. ఇప్పుడు యాభై తొమ్మిదేళ్ళు. పాత మోపెడ్ మీద వస్తాడు. ఇన్ని వేల బొండాలు కోసిన మనిషి కొబ్బరినీళ్ళు మాత్రం ముట్టడు.

"గా తియ్యనీళ్లు పోరగాల్లకు, టీచరమ్మా. నాకు చాయ్ పోయిండ్రి," అంటాడు.

మా మొదటి పోట్లాట పూల గురించి. నేను బాల్కనీలో నిలబడి, కొబ్బరిలో ఆడపూలూ మగపూలూ ఒకే గెలలో ఉంటాయని క్లాసు మొదలుపెట్టాను. అతను పైనుంచే అందుకున్నాడు.

"నాకెర్కలేదా అమ్మా? తాటికి మొగచెట్టు ఏరే, ఆడచెట్టు ఏరే. దీనికి ఒక్క గెలలనే కాపురం. మొగపూలు షోకు జేస్కుంట ముందుగాల విచ్చుకుంటయి, రాలిపోతయి. ఆడపూలు కింద గుండీల లెక్క గట్టిగ కూసుంటయి. కాయ గాసేది గవ్వే. మా ఇంట్ల సుత గంతే!"

ఈ మాత్రం చెప్పడానికి నాకు కాలేజీలో రెండు గంటలూ, బోర్డు మీద మూడు బొమ్మలూ పట్టేవి. ఒళ్ళు మండింది. అసూయే, ఒప్పుకుంటాను.

మొన్న జూన్‌లో మా చెట్టు నడినెత్తిన నిటారుగా ఉండాల్సిన మొవ్వాకు గోధుమరంగుకు తిరిగి ఒక పక్కకు వాలిపోయింది. మామిడి కొమ్మ నరికితే పక్కనుంచి ఇంకోటి వస్తుంది. కొబ్బరికి కొమ్మల్లేవు. ఉన్నది ఒక్క మొవ్వు, ఆకులన్నీ పుట్టే నడినెత్తి చిగురు. అది పోతే చెట్టే పోతుంది. బాల్కనీలోంచి చూసి, మొవ్వు కుళ్ళు తెగులని తేల్చేశాను. మా అసోసియేషన్ ప్రెసిడెంటు ఉదయ్ భాస్కర్ మర్యాదస్తుడు. ఆయన కారు ఉండేది ఆ చెట్టు కిందే.

"మీరు చెప్పాలి మేడం, మీకంటే తెలిసినవాళ్ళెవరు?" అన్నారు.

"అయిపోయింది. కొట్టించేయండి," అన్నాను, పెద్ద డాక్టరులా. నాకేమీ బాధ లేదని అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ కూడా చెప్పాను.

ఆ ఆదివారం సోమయ్య కాయలు దింపడానికి వచ్చి సంగతి విన్నాడు. "ఎక్కకుండనే సచ్చిందని ఎట్లంటరు?" అని నా మీద ఇంతెత్తున లేచి, ఎక్కాడు. నేను చాయ్ పెట్టే వంకతో వంటింట్లోకి వెళ్ళాను. తిరిగి బాల్కనీలోకి వచ్చేసరికి ఆకుల మధ్య తల దూర్చి ఏదో కెలుకుతున్నాడు. తర్వాత కొక్కెం తీగతో గుచ్చి ఒక నల్లటి పురుగును బయటికి లాగి కింద పడేశాడు. బొటనవేలంత ఉంది, తలమీద కొమ్ము.

"కుల్లితే కంపు గొడ్తది, ఆకు గుంజంగనే ఊడొస్తది. గిది కంపు లేదు, ఊడొస్తలేదు. గీ కొమ్ముపురుగు తిన్నది," అని అరిచాడు. పాడైన మొవ్వాకును అడ్డంగా కోసేశాడు. "కొబ్బరాకు అడుగు నుంచి పెరుగుతది. లోపట పానముంటే కోసిన మొద్దు పైకి లేస్తది. పదిహేను దినాలు ఆగుండ్రి. రంగేమన్న ఉందా?"

నా దగ్గరున్నది గోళ్ళరంగు. ఈ వయసులో గోళ్ళరంగేమిటని అడక్కండి, నాకిష్టం. బాల్కనీలోంచి విసిరితే ఒంటిచేత్తో పట్టుకున్నాడు. మొద్దు మీదా, పక్కనున్న ముదురు మట్ట మీదా కలిపి ఒకే ఎర్ర గీత గీశాడు. మొద్దు లేస్తే గీత రెండు ముక్కలవుతుంది.

"ఈలోగా తల విరిగి కారు మీద పడితే ఎవరిది బాధ్యత?" అన్నారు కిందనుంచి ఉదయ్ భాస్కర్.

"లేవకుంటే ఈ కాలనీల మల్ల చెట్టెక్క సార్. నా మోకు మీద ఒట్టు."

సోమయ్య ఎక్కే చెట్లలో సగం ఈ కాలనీవే. దిగాక, "ఎందుకయ్యా అంత మాట?" అని గొణిగాను. చాయ్ తాగి, మోపెడెక్కి వెళ్ళిపోయాడు.

బాల్కనీలోంచి గీత కనిపించదు, మట్టలు అడ్డం. ఆ పదిహేను రోజులూ ఇంట్లో ఉన్న పుస్తకాలన్నీ తిరగేశాను. పురుగు మొవ్వు మొదలుదాకా తొలిస్తే చెట్టు దక్కదని రాసి ఉంది. తొలిచిందో లేదో పుస్తకాల్లో లేదు.

పదిహేనో రోజు పొద్దున్నే చెట్టు కొట్టేవాళ్ళు రంపంతో వచ్చి గోడ పక్కన కూర్చున్నారు. సోమయ్య వచ్చాడు. చెప్పులు విప్పాడు. నాతో పోట్లాడలేదు. అప్పుడు నిజంగా భయమేసింది. ఎక్కి మట్టలు పక్కకు తోశాడు. నేను బాల్కనీ కమ్మీ మీదికి వంగి చూశాను, మట్టలు తప్ప ఏమీ కనిపించలేదు.

"టీచరమ్మా! జానెడు లేసింది! జానెడు మీద నాలుగు వేళ్లు!"

రంపం తెచ్చినవాళ్ళే ముందు చప్పట్లు కొట్టారు. ఉదయ్ భాస్కర్ నవ్వేసి, "ఇంక కారే పక్కకు తీస్తాలెండి," అన్నారు. నేను మెట్లు ఎలా దిగానో తెలియదు. అందరికీ చాయ్ నేనే పోశాను.

"అంత నమ్మకంగా ఎలా చెప్పావు సోమయ్యా?" అని అడిగాను.

"నమ్మకం యాడిదమ్మా, సగమే. పురుగు యాడిదాంక తిన్నదో నాకేం ఎర్క?"

"మరి పని పోతేనో?"

సోమయ్య చాయ్ ఊదుకున్నాడు. "ఆ దినం పైకెక్కి సూస్తే మీరు వంటింట్ల కొంగు నోట్ల కుక్కుకొని ఏడుస్తుంటిరి. కిందోళ్లకు కన్పడదు, నాకు కన్పడ్డది. ఏం జెయ్యాలె మరి?"

ఎవరూ చూడలేదనే అనుకున్నాను. ఈసారి అందరి ముందే, చాయ్ గిన్నె చేత్తో పట్టుకుని, కళ్ళు తుడుచుకోకుండా ఏడ్చాను. సోమయ్య ఇంకో కప్పు అడిగాడు.