ఎల్మర్ టెస్కీ ఎత్తుకెళ్ళిన నిచ్చెనలు

నిచ్చెన ఎక్కిన మనిషి కంటబడ్డాడంటే, ఆ మనిషిని కిందికి దింపేదాకా ఎల్మర్ టెస్కీకి మనసు మనసులో ఉండదు. ఎక్కినవాడు ఎవరు, ఎందుకు ఎక్కాడు, పని ఎంతవరకూ వచ్చింది అన్న విచారణ లేదు. నిచ్చెన కాళ్ళ దగ్గర నిలబడి, పైకి చూసి, "ముందు కిందికి దిగు" అంటాడు. ఎందుకని అడిగితే "దిగాక చెబుతా" అంటాడు. తీరా దిగాక చెప్పేదేమీ ఉండదు. నిచ్చెన భుజాన వేసుకుని తన దారిన తాను పోతాడు.

రెండేళ్ళ కిందట జనవరిలో మంచుగాలికి, అమెరికా ఉత్తరపు కొసనున్న టామరాక్ ఊరి చర్చి మీది నక్షత్రం ఒరిగిపోయింది. దాన్ని సరిచేద్దామని పాస్టర్ హాల్వర్‌సన్ నిచ్చెన ఎక్కాడు. ఎల్మర్ వచ్చి ఆయన రెండు చీలమండలూ పట్టుకున్నాడు.

"వదులు ఎల్మర్. దేవుడి పని చేస్తున్నా."

"దేవుడు పైనే ఉంటాడు, ఆయనకేం కాదు. మీరు దిగండి."

పాస్టర్ దిగాడు. నిచ్చెన పోయింది. ఆ ఏడు నక్షత్రాన్ని చేతికి అందినంత ఎత్తులో, గుమ్మం మీదే తగిలించుకున్నారు. ప్రార్థనకి వచ్చిన పొడుగాటి వాళ్ళందరికీ నుదుటి మీద బొప్పి కట్టింది.

నిచ్చెనలతోనే సరిపెట్టుకుంటే కొంత నయం. శుక్రవారం సాయంత్రం ఊరంతా వేయించిన చేపల కోసం బారుకి చేరతారు కదా, అక్కడ టీవీ చానల్ మార్చడానికి ఎవరో ఎత్తు స్టూలు ఎక్కితే, ఎల్మర్ తన పళ్ళెం వదిలేసి వచ్చి "ముందు కిందికి దిగు" అన్నాడు. ఆ రాత్రి ఊరంతా ఫుట్‌బాల్‌కి బదులు వంటల చానల్లో కూరగాయలు తరగడం చూస్తూ చేపలు తినింది.

ఎల్మర్ ముప్ఫై ఎనిమిదేళ్ళు ఆ ఊరి పోస్టుమ్యాన్. రిటైరై చాలాకాలమైనా, డిసెంబర్, జనవరి నెలల్లో ఉత్తరాలు కుప్పలు పడతాయి కాబట్టి పోస్టాఫీసు వాళ్ళు ఇప్పటికీ పిలుస్తారు. పొద్దున ఉత్తరాలు పంచుతాడు, మధ్యాహ్నం నిచ్చెనలు ఎత్తుకెళ్తాడు. ఎండాకాలంలో మాత్రం చాలావరకు మామూలు మనిషే. చలి ముదిరితే బుర్రకి పట్టేస్తుందని ఊళ్ళో తీర్మానించుకున్నారు.

"చిన్నప్పుడెప్పుడో నిచ్చెన మీంచి పడుంటాడు" అన్నారు కొందరు.

"పడలేదు. పడుంటే అప్పుడే బాగుపడేవాడు" అన్నాడు కర్ట్ వెబెల్.

కర్ట్‌కి కోపం రావడంలో న్యాయం ఉంది. అతనిది ఇంటి పక్కనే రిపేరు షాపు. మంచు మీద నడిపే బళ్ళూ, గడ్డి కోసే మిషన్లూ బాగుచేస్తాడు. ఈ ఏడు జనవరి రెండో తారీకున అతని ఇరవై అడుగుల అల్యూమినియం నిచ్చెన మాయమైంది. ఎవరు తీశారో వెతకాల్సిన పని కూడా లేకపోయింది. ఎల్మర్ ఎప్పుడూ బుకాయించడు.

"నా నిచ్చెన నువ్వేగా తీసింది?"

"నేనే. దాచా."

"ఎప్పుడిస్తావ్?"

"ఇచ్చేటప్పుడు ఇస్తా."

కర్ట్ ఇంటికొచ్చి చిటపటలాడాడు. పొయ్యి దగ్గర నిలబడ్డ అతని భార్య మార్లిస్ మాత్రం, ఈ నెలంతా ఆ నిచ్చెన దొరక్కపోతే బాగుండునని లోలోపల దండం పెట్టుకుంది. కారణం మొగుడికి చెప్పలేదు. అసలు ఆ నెలలో ఆమె ఎవరికీ ఏమీ చెప్పలేదు.

సంగతేమిటంటే, జనవరి నెలంతా వాళ్ళింటికి హెల్త్ ఇన్సూరెన్స్ లేదు.

పెద్ద కంపెనీల్లో పనిచేసేవాళ్ళకి ఆ గొడవ కంపెనీ చూసుకుంటుంది. సొంత షాపు పెట్టుకున్న కర్ట్‌కీ, ముందుగదిలో ఊళ్ళోవాళ్ళకి జుట్టు కత్తిరించే మార్లిస్‌కీ ఆ దారి లేదు. ఏటా తామే కొనుక్కోవాలి. ప్రభుత్వం కొంత సాయం చేస్తుంది. ఆ సాయం ఈసారి ఆగిపోతోందనీ, వచ్చే ఏడాది నెలవారీ కట్టాల్సింది రెట్టింపవుతుందనీ నవంబర్‌లో ఉత్తరం వచ్చింది. అది చదివి మార్లిస్‌కి కాళ్ళూ చేతులూ ఆడలేదు. ఆ కంగారులో పాత పాలసీని డిసెంబర్ ఆఖరుతో రద్దయ్యేలా చేసేసింది. ఇంతలో వాషింగ్టన్‌లో సాయం పొడిగిస్తారేమోనని టీవీలో చెప్పారు. రేపు ఓటింగ్ అన్నారు. మర్నాడు, ఎల్లుండి అన్నారు. ఎల్లుండి వచ్చేసరికి వచ్చే వారం అన్నారు. తేలాక కొత్తది ఎంచుకుందామని మార్లిస్ ఆగింది. ఏమీ తేలకుండానే వాషింగ్టన్ వాళ్ళు పండక్కి ఇళ్ళకి పోయారు. డిసెంబర్ పదహారున ఆమె భయపడుతూ కంప్యూటర్ ముందు కూర్చుని ఉన్నవాటిలో చవకది ఎంచుకుంది. జనవరి ఒకటి నుంచి కావాలంటే గడువు ముందురోజు, పదిహేనుతోనే అయిపోయింది. మీ ఇన్సూరెన్స్ ఫిబ్రవరి ఒకటి నుంచి మొదలవుతుందని తెర మీద వచ్చింది.

ముప్ఫై ఒక్క రోజులు. ఆ ముప్ఫై ఒక్క రోజులూ ఇంట్లో ఎవరూ పడకూడదు, కోసుకోకూడదు, దగ్గకూడదు. పక్క ఊళ్ళో ఇలాగే ఇన్సూరెన్స్ కార్డు లేని రోజుల్లో మంచు మీద జారి తుంటి విరగ్గొట్టుకున్నాయన ఆసుపత్రి బిల్లు కట్టలేక చివరికి ఇల్లు అమ్ముకున్నాడు. ఆ ఇంటిమీదుగా వెళ్ళినప్పుడల్లా మార్లిస్ కళ్ళు అటు తిప్పేది కాదు. రోజూ పొద్దున లేచి ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకునేది.

కర్ట్ తుమ్మితే ఆమె గుండె గుభేలుమనేది. "ఏంటే, తుమ్మితే దేవుడు చల్లగా చూడాలనాలి గానీ అలా చూస్తావేం?" అనేవాడతను. షాపులో ఏ ఇనుప ముక్కో కిందపడ్డ చప్పుడు వింటే, సగం కత్తిరించిన తల అలాగే వదిలేసి పరిగెత్తేది. ఆ నెలలో టామరాక్‌లో నలుగురైదుగురు ఆడవాళ్ళు ఒకవైపు పొట్టి, ఒకవైపు పొడుగు జుట్టుతో తిరిగారు. కొత్త ఫ్యాషన్ కాబోలనుకుని జనం పట్టించుకోలేదు.

రెండో శనివారం కర్ట్ గడ్డకట్టిన సరస్సు మీదికి, మంచుకి చిల్లి పెట్టి చేపలు పట్టడానికి బయల్దేరాడు. వద్దనడానికి మార్లిస్‌కి సాకు దొరకలేదు. కిటికీలోంచి చూస్తూ నిలబడింది. కర్ట్ వెనకాల పది అడుగుల దూరంలో ఎల్మర్, నడుముకి తాడు కట్టుకుని. తాడు రెండో కొస కర్ట్ కోటుకి కట్టి ఉంది. ప్రతి పది అడుగులకీ "ఆగు" అంటున్నాడు, మంచుని పొడిచి మందం కొలుస్తున్నాడు, "ఇక పద" అంటున్నాడు. సరస్సు మీద ఉన్నవాళ్ళంతా చేపలు మానేసి ఆ ఊరేగింపే చూశారు.

"పరువు తీశాడు ముసలాడు" అని సాయంత్రం కర్ట్ బూట్లు విసిరేశాడు. "దూడని తోలుకెళ్ళినట్టు తోలుకెళ్ళాడే నన్ను."

"పోనీలే, పెద్దాయన" అంది మార్లిస్. ఆ పూట మొగుడికి వెన్న దండిగా వేసి బంగాళాదుంపలు పెట్టింది.

ఆ తర్వాత రోజూ పొద్దున్నే వాళ్ళ మెట్ల మీద ఎవరో ఇసక చల్లి పోతుండేవారు. జారకుండా అన్నమాట. కర్ట్ ఆ ఇసకని ఇంట్లోకి తొక్కి తెచ్చినప్పుడల్లా ఎల్మర్‌ని తిట్టేవాడు. మార్లిస్ తుడిచేసేది.

ఎదురింటి బెర్నాడీన్ నెలకోసారి జుట్టు సర్దించుకోవడానికి వస్తుంది. ఊళ్ళో అందరికంటే గొప్ప ఇన్సూరెన్స్ తనదేనని ఆవిడ గట్టి నమ్మకం.

"మొన్న నాకు మోకాలు పట్టేసిందా, వెళ్దామంటే నా కార్డు పెద్ద డాక్టర్లందరి దగ్గరా చెల్లుతుంది. నేనే పోలేదు. ఎందుకులే శ్రమ అని."

"అదృష్టవంతురాలివి" అంది మార్లిస్, కత్తెర ఆడిస్తూ.

"ఇంకోటి చెబుతా, ఎవరితో అనకు. ఎల్మర్‌కి నా మీద మనసు పడింది."

"ఎల్మర్ బాబాయ్‌కా?"

"మూడేళ్ళుగా మా చూరు గొట్టాల్లో ఆకులు తనే ఎక్కి తీస్తున్నాడు. నా నిచ్చెన నాకిమ్మంటే ఇవ్వడు. నన్ను ఎక్కనివ్వడు. ప్రేమ కాకపోతే ఏంటది?"

మార్లిస్‌కి ఆ నెలలో మొదటిసారి నవ్వొచ్చినంత పని అయింది గానీ, అదే నిమిషంలో షాపులోంచి ఏదో పడ్డ చప్పుడై పరిగెత్తింది.

జనవరి ఇరవై ఏడున ఊహించని వాన పడింది. కప్పు మీద అప్పటికే నడుం లోతు మంచు ఉంది. అది వాన నీళ్ళు తాగి బరువెక్కింది. మధ్యాహ్నం షాపు పైకప్పు దూలం టప్పుమంది. గోడ మీద సన్నటి పగులు కిందికి దిగుతుంటే ఇద్దరూ నిలబడి చూశారు.

"ఇప్పుడు తోడకపోతే సాయంత్రానికి కూలిపోద్ది" అన్నాడు కర్ట్. "ఇక లాభం లేదు. ఆ ముసలాడి షెడ్డు తాళం పగలగొట్టి నా నిచ్చెన తెచ్చుకుంటా."

"వద్దు కర్ట్."

"షాపు పోతే ఏం తింటామే?"

"నువ్వు పోతే నేనేం తినను?" అంది మార్లిస్. ఆ మాట అతను వినిపించుకోలేదు. ఇనుప కడ్డీ తీసుకుని వీధి దాటాడు. ఆమె చెప్పుల్లోనే మంచులో పడి వెంట పరిగెత్తింది. కర్ట్ కప్పు మీంచి జారడం, మంచులో ఎర్రటి మరక, ఆసుపత్రిలో కార్డు అడిగే అమ్మాయి, అన్నీ ఆమె కళ్ళముందు తిరిగాయి.

తాళం ఒక్క దెబ్బకే ఊడింది. తలుపు తీస్తే లోపల నిచ్చెనలు. గోడల వెంట, దూలాల మీద, ఒకదాని మీద ఒకటి, పాతికదాకా ఉంటాయి. ప్రతిదానికీ సూట్‌కేసులకి కట్టేలాంటి చిన్న అట్ట చీటీ. కర్ట్ తన నిచ్చెన పట్టుకుని లాగాడు. చీటీ అతని చేతిలోకి వచ్చింది.

"వెబెల్. కార్డు రాలేదు" అని చదివాడు. "ఏం కార్డు?"

మార్లిస్ ఆ చీటీ అతని చేతిలోంచి లాక్కుంది. పక్క చీటీ చూసింది. పాస్టర్ హాల్వర్‌సన్, కార్డు రాలేదు. దాని పక్కన బారు యజమానిది, కార్డు రాలేదు. మూలన దుమ్ముకొట్టుకుపోయిన చెక్క నిచ్చెన ఒకటుంది. చీటీ మీద సిరా వెలిసిపోయింది. బెర్నాడీన్. మూడేళ్ళ కిందటి తారీకు. కార్డు రాలేదు.

"ఏం కార్డే?" అన్నాడు కర్ట్ మళ్ళీ, ఈసారి నెమ్మదిగా.

ఆమె చెప్పేసింది. రద్దు చేసిన సంగతీ, ఓటింగ్ కోసం ఆగిన సంగతీ, ఒక్క రోజు ఆలస్యం, ముప్ఫై ఒక్క రోజులు. చెబుతూ ఏడ్చింది. కర్ట్ తిడతాడనుకుంది. అతను నిచ్చెన గోడకి ఆనించి, తడి చెయ్యి కోటుకి తుడుచుకుని, ఆమె భుజం మీద వేశాడు.

"ఈ నెలంతా ఒక్కదానివే మోశావా?" అన్నాడు.

గుమ్మంలో ఎల్మర్ నిలబడి ఉన్నాడు, ఊడిన తాళం చూసుకుంటూ.

"నీకెలా తెలుసు బాబాయ్?" అంది మార్లిస్. "నేనెవరికీ చెప్పలేదే."

"ఎవరు చెప్పాలమ్మాయ్? కొత్త ఏడాది కార్డులన్నీ డిసెంబర్‌లోనే నా చేతుల మీదుగా పోతాయి. కవరు పట్టుకుంటే లోపల గట్టిగా తగులుద్ది. మీ పేరున అలాంటిదేదీ తగల్లేదు."

"మాతో ఓ మాట అనొచ్చుగా" అన్నాడు కర్ట్.

"ఉత్తరాల్లో ఏముందో చెప్పనని ఉద్యోగంలో చేరిన రోజు ప్రమాణం చేశా. రానిది కూడా అందులోకే వస్తుందనుకున్నా. చెప్పకూడదు, చూస్తూ ఊరుకోనూ లేను. నిచ్చెన తీసేయొద్దని మాత్రం ప్రమాణంలో లేదు." తర్వాత బెర్నాడీన్ చీటీని వెనక్కి తిప్పి పెట్టాడు. "ఇది మీరు చూడలేదు."

"చూడలేదు" అన్నారు ఇద్దరూ.

"ఇంక ఆ నిచ్చెన ఇటివ్వు. మీ కప్పు నేను తోడతా."

"నువ్వా? డెబ్బై ఒకటి నీకు" అన్నాడు కర్ట్.

"అందుకే. అరవై అయిదు దాటినవాళ్ళకి సర్కారు కార్డు ఉంటుందిగా. నాదెప్పుడో వచ్చింది." పర్సులోంచి తీసి చూపించాడు కూడా. "ఈ వీధిలో పడే యోగ్యత ఉన్నది నాకొక్కడికే."

కర్ట్ వాదించాడు, బతిమాలాడు, చివరికి ముసలాయన నడుముకి తాడు కట్టి పొగగొట్టానికి బిగించాకే ఒప్పుకున్నాడు. ఎల్మర్ పార పట్టుకుని ఎక్కాడు. చివరి నుంచి కొంచెం కొంచెంగా తోయడం మొదలుపెట్టాడు. తడి మంచు దభీదభీమని కింద పడుతోంది. దూలం మళ్ళీ చప్పుడు చెయ్యలేదు. కర్ట్ రెండు చేతులతో నిచ్చెన పట్టుకుని, "మెల్లిగా బాబాయ్, మెల్లిగా" అంటూనే ఉన్నాడు. ఎల్మర్‌ని బాబాయ్ అనడం అతనికి అదే మొదటిసారి.

కాసేపటికి ఎల్మర్ పార ఆపి కిందికి చూశాడు.

"అబ్బాయ్, చూరు కింద నిలబడకు. గడ్డ పడితే నెత్తి పగులుద్ది. నీ కార్డుకి ఇంకా నాలుగు రోజులుంది."

"నేను వదిలితే నిచ్చెన ఎవరు పట్టుకుంటారు?"

"నేను పడితే సర్కారు చూసుకుంటుంది. నీ సంగతి చూడు."

కర్ట్ ఒక్క క్షణం ఆలోచించాడు. నిచ్చెన మార్లిస్‌కి అప్పగించి షాపులోకి పరిగెత్తి, రిపేరుకి వచ్చిన మంచుబళ్ళ హెల్మెట్లు రెండు తెచ్చాడు. ఒకటి తను పెట్టుకుని, రెండోది పెళ్ళాం నెత్తిన పెట్టి గడ్డం కింద పట్టీ బిగించాడు. ఆమెది గులాబీ రంగు, దాని మీద మెరుపు బొమ్మ. హెల్మెట్ అద్దంలోంచి మొగుణ్ణి చూసి మార్లిస్ పకపకా నవ్వింది. ఎదురింటి కిటికీలోంచి బెర్నాడీన్ చూస్తోంది. ఎల్మర్ తన కోసమే అంత ఎత్తు ఎక్కి కనబడుతున్నాడనుకుని చెయ్యి ఊపింది. ముసలాయన మర్యాదగా తిరిగి ఊపాడు.

తర్వాత కిందున్న రెండు హెల్మెట్లనీ పరీక్షగా చూసి, "ఇప్పుడు పర్లేదు" అని మంచు తోడటంలో పడ్డాడు.