రెండో కంచం

ఒక్క స్టీలు కంచంతో కాపురం కూల్చుకోబోయిన మొనగాణ్ణి మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇదిగో, నన్ను చూడండి.

లాక్‌డౌన్‌లో నేను పనిచేసే సూరత్ మగ్గాలన్నీ ఆగిపోయాయి. అక్కడి వడోద్ పేటలో నా గదిలో ఉండే ముగ్గురు దోస్తులూ రైలెక్కి ఊరికి వెళ్లిపోయారు. కార్ఖానాకు కాపలా ఉండమని సేఠ్ అడిగితే నేను ఉండిపోయాను. ఊళ్లో ఉన్న నా భార్య లక్ష్మి దిగులు పడుతుందని, దోస్తులందరూ నాతోనే ఉన్నారని చెప్పాను. నిజానికి పొద్దంతా మాట్లాడే మనిషి లేక నా గొంతు నాకే కొత్తగా వినిపించేది.

అప్పుడే ఫోన్‌లో ఏదో వీడియో చూస్తుంటే ఎవరో పెద్దమనిషి "నువ్వే ఒక బ్రాండ్" అన్నాడు. నన్నే అన్నాడనుకున్నాను! మర్నాడే 'సూరత్ సత్తెన్న వంటలు' అని ఛానల్ పెట్టేశాను. పెచ్చులూడిన గోడ కనపడకుండా కార్ఖానా ఎర్రచీరొకటి పరదాగా కట్టాను. చూసేవాళ్లు పదకొండు మంది.

మూడో వీడియో కింద ఒకాయన, "పాపం, ఒక్కనివే తింటున్నవా అన్నా?" అని రాశాడు. ప్రాణం చివుక్కుమంది. బ్రాండ్ అన్నాక పాపం అనిపించుకోకూడదు కదండీ! తర్వాతి వీడియోలో రెండు కంచాలు పెట్టి, కెమెరాకు కనిపించని మూలకు చూస్తూ, "ఇంకొంచెం ఏస్కో, మొకమాటమెందుకు?" అన్నాను, మహా మురిపెంగా.

గంట తిరక్కుండా లక్ష్మి వీడియో కాల్ చేసింది.

"ఎవతది ఆ రెండో కంచం?"

"ఎవ్వల్లేరే!"

"మరి ఏస్కో ఏస్కో అని గోడకు చెప్పినవా?"

"అవ్, గోడకే చెప్పిన."

"ఆ ఎర్రచీర?"

"పరదానే!"

"పరదెనుక ఎవతున్నదో తియ్యి. తియ్యకుంటే మా అన్నకు చెప్త!"

పరదా పీకాను. వెనక గోడ, గోడకానించి చుట్టిపెట్టిన మూడు పరుపులు. ఫోన్‌ను గదంతా తిప్పి చూపించాను.

"నీ దోస్తులేరి?"

"పొయ్యి నెలైంది."

"మరి ఎవలతోని మాట్లాడుతున్నవ్?"

"గట్లనే... కంచంతోని." నవ్వుతుందనుకున్నాను.

లక్ష్మి నవ్వలేదు. ముక్కు చీది, "ఎవతన్న ఉంటే తిట్టి ఊకుంటుంటి గదయ్యా. గిప్పుడు నేనేం జెయ్యాలె?" అంది. నాకూ ఏడుపాగలేదు.

పదకొండు మంది అభిమానులనూ అనాథలను చేసి ఆ పూటే ఛానల్ మూసేశాను. పొయ్యి మీద చెయ్యిపెట్టి ఒట్టు కూడా వేశాను: ఇకమీదట ఏడుపొస్తే ఇంటికి ఫోన్ చేస్తానే గానీ, కెమెరా ముందు పోపు పెట్టను.