జానెడు సందు

చిత్తూరులో ఇల్లు కట్టాలనుకున్న ప్రతివాడూ ముందు వాస్తు సిద్ధాంతి దగ్గరికి, ఆ తర్వాత జయరామ్ దగ్గరికి వెళ్ళేవాడు. సిద్ధాంతి చెప్పింది గీసిపెట్టడానికే జయరామ్. ఆర్కిటెక్ట్ అని ఎంత పెద్ద అక్షరాలతో బోర్డు రాయించుకుంటే ఏం లాభం, ఊరికి ఆయన ప్లాన్ల జయరామే. పాపం, ఆ మనిషి చదువుకున్నది అందుకు కాదు.

పలమనేరు దగ్గర సేద్యం చేసుకునే ఇల్లు వాళ్ళది. మద్రాసులో చదువయ్యాక ఆరేళ్ళు వెర్నర్ అనే జర్మనీ ఆయన ఆఫీసులో పనిచేశాడు. ఆ వెర్నర్‌కి పాత కట్టడాలంటే ప్రాణం. అలాగని కొత్తదంటే ముఖం చిట్లించే రకమూ కాదు. నూరేళ్ళ బంగళా పక్కన అద్దాలతో, ఇనుముతో కొత్త భాగం కట్టాడంటే, పాతది ఇంకా అందంగా కనబడేది. "కొత్తది పాతదాన్ని ముట్టుకోకూడదు, పక్కన మర్యాదగా నిలబడాలి" అని ఆయన చెప్పేవాడు. ఒక్కో ఇటుక ఎందుకు పెడుతున్నాడో కూలివాళ్ళని కూడా పిలిచి వివరించేవాడు. ఆ మాటలు మనసులో పెట్టుకుని జయరామ్ 1989లో చిత్తూరు వచ్చి బోర్డు పెట్టాడు.

ఎవరిక్కావాలండీ మర్యాద! తిరుపతిలో ఒకాయన తాతలనాటి చెక్కడపు స్తంభాలు పీకించి కట్టెల కింద అమ్మేసి, లాడ్జి నెత్తిన సిమెంటు గోపురం పెట్టమన్నాడు. ఇంకొకాయన, "పాత గోడ పెట్టుకుంటే మా ఇంట్లో జరుగుబాటు లేదనుకుంటారబ్బా" అని తేల్చేశాడు. పదకొండేళ్ళు ఆగ్నేయంలో వంటగది, ఈశాన్యంలో నీళ్ళ తొట్టి గీస్తూ గడిపాడు జయరామ్.

అప్పుడు పిలిచింది దేవకమ్మ. కాణిపాకం దారిలో ఆమె అత్తగారి వంశానిది ఒక సత్రం. మందపాటి సున్నం గోడలు, టేకు దూలాల మీద ఇటుక నిలబెట్టి, సున్నం వేసి దిమ్మిస కొట్టిన మద్రాసు మిద్దె.

"దీన్ని పడగొట్టకుండా ఎనకపక్క పది రూములు కట్టిస్తావా నాయనా? యాత్రికులు శానామంది వస్తా ఉండారు. బాత్రూములు లేవని తిట్టిపోతా ఉండారు" అంది.

పడగొట్టకుండా! ఆ ఒక్క మాట చాలు జయరామ్‌కి. ఇంటికొచ్చి మూడు రోజులు సరిగ్గా అన్నం తినకుండా గీశాడు. ముందు పాత సత్రం యథాతథంగా. వెనక కొత్త గదులు, సన్నగా, తెల్లగా. రెండింటి మధ్య జానెడు సందు. ఆ సందులోనే ఉంది కిటుకంతా. పాత మిద్దె వాలు వెనక్కే ఉంది. నీళ్ళు ఆ సందులో పడి, అడుగునున్న కాలవలోంచి బయటికి పోవాలి. సున్నం గోడ వానకి తడుస్తుంది, గాలి తగిలితే ఆరుతుంది. ఆ గాలి అందడానికే ఆ జానెడు.

మేస్త్రీ ఓబయ్య, అరవై దాటినవాడు. జయరామ్ చిత్తూరు వచ్చిన నాటినుంచీ ఆయన పనులన్నీ ఓబయ్యవే. "సార్ గీసినాడంటే గీసినాడంతే" అని ఎవరితోనైనా తగవుకు దిగే మనిషి. "ఈడ జానెడు వదులు ఓబయ్యా" అన్నాడు జయరామ్. వదిలాడు ఓబయ్య. ఎందుకని అడగలేదు. అడగలేదు కదా అని ఈయనా చెప్పలేదు. అదిగో, అక్కడే జరిగింది పొరపాటు.

కొత్త గోడ పైకి లేచేసరికి ఎండాకాలం వచ్చింది, జయరామ్‌కి అమ్మవారు పోసింది. నలభై ఏళ్ళ మనిషి వేపాకుల మీద పడుకున్నాడు. మూడు వారాలు గడప దాటనివ్వలేదు ఇంట్లోవాళ్ళు. ఇక్కడ సత్రం దగ్గర వచ్చేపోయేవాళ్ళంతా ఆ సందులోకి తొంగిచూసి ఓబయ్యని ఏడిపించడం మొదలుపెట్టారు.

"ఏమబ్బా, కొలత తప్పినట్టుండారే మీ సారు! గోడా గోడా అతకనేలేదు."

తనని అంటే ఓర్చుకునేవాడేమో. సార్‌ని అంటే ఎలా? నిజంగానే కొలత తప్పాడేమో, పాపం, ఒంట్లో బాగాలేక చూసుకోలేదేమో అనుకున్నాడు ఓబయ్య. సార్ పరువు పోకూడదు. ఎవరికీ చెప్పకుండా, పెళ్ళాన్ని తోడు పెట్టుకుని, రెండు రోజుల్లో ఆ సందునంతా ఇటుక ముక్కలతో, చిక్కటి సిమెంటుతో కూరేశాడు. కాలవని కూడా వదల్లేదు మహానుభావుడు!

మచ్చల ముఖంతో జయరామ్ పనిదగ్గరికి వచ్చిన రోజు ఓబయ్య చేయి పట్టుకుని తీసుకెళ్ళి చూపించాడు. "సూడు సార్. ఇప్పుడు రెండూ ఒకటే ఇల్లు. ఇంగ ఒక్కడు నోరెత్తితే ఒట్టు."

జయరామ్ ఆ చివరినుంచి ఈ చివరిదాకా నడిచి చూశాడు. "ఊఁ" అన్నాడు, అంతే.

మధ్యాహ్నం అందరూ అన్నాలకి వెళ్ళాక ఉలి తీసుకుని ఒక మూల తవ్వి చూశాడు. సిమెంటు బెడ్డ ఊడింది. దాంతోపాటు పాత గోడ ఇటుక రెండు ముక్కలై వచ్చింది, లోపలి సున్నం పిండిలా జలజలా రాలింది. ఇంకో చోట చూశాడు. అక్కడా అంతే. ఉంచితే నీళ్ళు నిలిచి గోడ నానుతుంది, తీస్తే గోడే ఊడొస్తుంది. పైన పాత మిద్దెకీ కొత్త కప్పుకీ అతుకు దగ్గర నీళ్ళు దిగకుండా రేకు వేయించాడు. కొత్త గదుల ప్రారంభం రోజున అది చూడ్డానికి బాగోలేదని దేవకమ్మ మనుషులు తీసేశారు. మళ్ళీ వేయించాడు, గాలికి ఎగిరిపోయింది.

ఇక మిగిలింది ఒక్కటే. వాన రాకూడదు.

వానెక్కడండీ, చిత్తూరు జిల్లాలో! ఆ ఏడు వాన లేదు. మరుసటి ఏడూ అంతే. బోర్లు ఎండిపోయి చీనీ తోటలు కొట్టేసుకుంటున్నారు. ఊళ్ళలో కప్పలకి పెళ్ళిళ్ళు చేస్తున్నారు. పలమనేరు నుంచి నాయన ఫోన్ చేసి, "గడ్డి దొరక్క ఎనుములు అమ్మేస్తా ఉండామురా, ఈ కార్తీకానికన్నా పడకపోతే మా గతి ఏందో" అంటే, "పడతాదిలే నాయనా" అనేవాడు జయరామ్. ఫోన్ పెట్టేసి బయటికొచ్చి ఆకాశం చూసేవాడు. మబ్బు కనబడితే అది తేలిపోయేదాకా లోపలికి వచ్చేవాడు కాదు. జిల్లా అంతా వాన కోసం చేతులెత్తి మొక్కుతుంటే తనొక్కడూ వద్దని మొక్కుతున్నందుకు ఆయనకే తన మీద అసహ్యం వేసేది. అయినా మొక్కు మానలేదు.

కార్తీకంలో పట్టింది వాన. ఒక రోజు కాదు, నాలుగు రోజులు. జనం వీధుల్లోకొచ్చి తడిశారు. నాయన ఫోన్‌లో చిన్నపిల్లాడిలా అరిచాడు. "చెరువు నిండి మొరవ పోతా ఉండాదిరా!" జయరామ్‌కి నాయన సంతోషం విని సంతోషమే వేసింది, ఫోన్ పెట్టగానే మాత్రం సత్రం వెనక గోడే గుర్తుకొచ్చింది.

మూడో రోజు సత్రానికి పరుగెత్తి, మిద్దె కారుతోందని ఏదో సాకు చెప్పి, పాత సత్రంలో పడుకున్న యాత్రికులందరినీ కొత్త గదుల్లోకి పంపించాడు. వెనక గోడ లోపలివైపు ఉబ్బి ఉంది. అరచేయి ఆనించాడు, చల్లగా, మెత్తగా తగిలింది.

నాలుగో రోజు పొద్దున పదింటికి ఆ గోడ కూలింది. దాని మీదున్న దూలాలు, సగం మిద్దె దాంతోపాటే వచ్చేశాయి. ఒక్కరికీ దెబ్బ తగల్లేదు, దేవుడి దయ. మిగతా మూడు గోడలు నిలిచాయి.

కబురందుకుని దేవకమ్మ గొడుగు కింద వచ్చి నిలబడింది. ఓబయ్య ఆ కుప్పలో మోకాళ్ళ మీద కూర్చుని, ఇటుకలు తిరగేస్తూ, వెక్కివెక్కి ఏడుస్తున్నాడు.

"అంత దిట్టంగా కూరినాను గదా సార్! నా చేతులతో నేనే కూరినాను. యాడ తప్పు చేసినాను? నువ్వు చెప్పు సార్, నా పనిలో ఏమన్నా లోపముండాదా?"

చుట్టూ పూజారులు, యాత్రికులు, అంగళ్ళవాళ్ళు నిలబడి చూస్తున్నారు. కూరడమే తప్పన్న మాట ఏడాదిన్నరగా నాలుక మీదే ఉంది. చెప్తే ఈ ముసలాయన ఇంకెప్పుడూ తాపీ పట్టుకోడు. అందరి ముందూ దేవకమ్మ ఆయన్ని ఏమంటుందో.

"నీ పనిలో లోపమేం లేదు ఓబయ్యా" అన్నాడు జయరామ్. "వాన ఎక్కువైంది."

దేవకమ్మ తల ఊపింది. "అంతేలే, వానను ఏమంటాము. పాపం, నీవు కూరినందుకే ఈ మాత్రమన్నా నిలిచినట్టుండాది. లెయ్యి ఓబయ్యా. ఇంగ ఆలస్యం చెయ్యొద్దు. ఉండే మూడు గోడలకీ లోపలా బయటా అట్లనే సిమెంటు పెట్టేయ్, అవన్నా దక్కుతాయి."

వద్దందామనుకున్నాడు జయరామ్. వానదే తప్పని అప్పుడే అనేసి అయిపోయింది. సిమెంటు కప్పితే ఆ సున్నం గోడలకీ గాలి అందదు, కానీ ఇప్పుడు వద్దంటే ఎందుకో చెప్పాలి.

ఓబయ్య భుజం మీది తువ్వాలుతో ముఖం తుడుచుకుని లేచాడు. కళ్ళల్లో మళ్ళీ కాస్త ప్రాణం వచ్చింది. "రేపే మొదలుపెడతానమ్మా" అని జయరామ్ వైపు తిరిగి అడిగాడు. "సార్, మూడు గోడలకీ ఎన్ని మూటల సిమెంటు పడతాది?"

జయరామ్ వానలో నిలబడి గోడల పొడవూ ఎత్తూ చూసుకున్నాడు. లెక్క కట్టి చెప్పాడు.