చెమటకు చెరగని బొట్టు

ఎవరి నుదుటనైనా ఎర్రటి తిలకం కనబడితే నేను చూపు తిప్పుకుంటాను. కొట్టు నడిపినన్నాళ్ళూ చేసిన తప్పు మోస్తూనే నవ్వుతూ బేరాలు చేశాను. ఇక నా వల్ల కాదు. మీరు తిట్టినా సరే, వినండి.

రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో నరసరావుపేటలో మాకు పసుపు కుంకుమల కొట్టు ఉండేది. చెమటకు కారని తిలకం చేయాలని నాకు పిచ్చి పట్టింది. జిగురుతో చేస్తే నీళ్ళకు కరిగిపోయేది. మైనం, గుగ్గిలం కరిగించి రంగు కలిపాక నిలిచింది. కానీ ఎండలో పరీక్షించాలి కదా? మా వీధి చివర ఉండే రవణమ్మక్క మొగుడితో పాటు క్వారీలో రాళ్ళు మోసేది. కొట్టు వెనక నా వేలితోనే ఆమెకు బొట్టు పెట్టాను. సాయంత్రం నవ్వుతూ వచ్చి నుదురు చూపించింది. చెక్కు చెదరలేదు. సంతోషం పట్టలేక ఒక డబ్బీ ఆమెకే ఇచ్చేశాను.

ఆ వేసవిలోనే బండ దొర్లి ఆమె మొగుడు పోయాడు. పదో రోజు ఆడవాళ్ళు ఆఖరిసారి ఆమెను ముస్తాబు చేస్తూ ఆ డబ్బీలోదే పెట్టారు. వాగు దగ్గర తుడిస్తే పోలేదు. బూడిదతో రుద్దారు. చింతపండుతో తోమారు. చివరికి ఇటుక ముక్క అందుకున్నారు.

"మొగుడు పోయినా దీనికి సోకు తీరలా, చూడండే!" అందొక ముసలామె.

కర్మ సామాను తెచ్చిన నేను గట్టు మీదే ఉన్నాను. అది దేంతో పోతుందో అక్కడ నాకొక్కడికే తెలుసు. నెత్తురు కారుతున్న నుదురుతో రవణమ్మక్క నా వైపు తిరిగింది.

"దేంతో పోద్దిరా తమ్ముడూ ఇది? చెప్పరా!"

"నాకేం తెలుసమ్మా," అన్నాను.

ఎప్పుడూ అక్కా అని పిలిచే నోటితో అమ్మా అన్నాను, కొట్టుకు వచ్చిన పరాయి మనిషితో అన్నట్టు. ఆమె అటు తిరిగి ఆ ఇటుక ముక్కకే నుదురు అప్పగించింది.

ఎందుకు చెప్పలేదు? పరాయి ఆడదాని నుదుటికి ఇంకా అమ్మకానికే పెట్టని నీ తిలకం ఎలా వచ్చిందని నలుగురూ అడుగుతారని, ఆమె పరువు కోసమే నోరు మూసుకున్నానని ఏళ్ళ తరబడి నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. పచ్చి అబద్ధం. విధవరాలి నుదుటిని వదలని తిలకమని తెలిస్తే ఏ ముత్తైదువా ముట్టదని, నా సరుకు మూలన పడుతుందని భయపడ్డాను. సరుకు బ్రహ్మాండంగా అమ్ముడుపోయింది. ఇటుక రాపిడికి నుదుట పడ్డ మచ్చ చూసి ఊరు ఆమెనే ఆడిపోసుకుంది. ఆమె మాత్రం నా పేరు ఎవరికీ చెప్పకుండానే పోయింది. ఇప్పుడు నేనెవరి కాళ్ళు పట్టుకోను?

అక్కా, ఆముదంతో పోతుంది. ఒక్క చుక్క చాలు. నా వేళ్ళకంటిన రంగు రోజూ దాంతోనే తుడుచుకునేవాణ్ణి.