పీణ్య నుంచి సామాను రావాలి

అశ్వత్థప్ప ఏ వస్తువును చూసినా ముందు బోర్డు తగిలించేవాడు, తరువాతే అది చెడిందా లేదా అని చూసేవాడు. ‘రిపేరులో ఉంది, ముట్టరాదు’ అని కన్నడంలోనూ ఇంగ్లీషులోనూ ఎర్ర పెయింటుతో రాసిన రేకు బోర్డు. చంకలో ఎప్పుడూ ఒకటి ఉండేది. పుట్టినప్పుడే మెడలో ఒకటి వేసుకొని పుట్టాడనీ, అది చదివి మంత్రసాని ముట్టడానికి జంకిందనీ మా మనవలకు చెబుతుంటాను. వాళ్లు నమ్మరు. మీ ఇష్టం.

బెంగళూరులో ఒక పెద్ద మ్యూజియంలో నేను బిల్డింగు సూపర్‌వైజరుగా ఉండేవాణ్ణి. కరెంటు, నీళ్లు, లిఫ్టులు, కప్పు మీది పావురాలు, అన్నీ నా నెత్తినే. చూడవచ్చినవాళ్లకు పాత విమానం, ఆవిరి ఇంజను, మెడ ఊపే డైనోసార్ కనిపించేవి. నాకు మాత్రం బోర్డులే కనిపించేవి. అశ్వత్థప్ప నా కింద పాత మెకానిక్కు. రోజూ హొసకోటె నుంచి బస్సులో వచ్చేవాడు. చేతిలో పనితనం ఉంది, కాదనను. చేసిన పని ముగిసిందని ఒప్పుకునే నోరే లేదు.

ఒకసారి డైనోసార్ మెడ పట్టేస్తే పూటలో బాగుచేశాడు. అది హాయిగా మెడ ఊపుతోంది, మెడలో బోర్డూ ఊగుతోంది. ఇంకా ఎందుకు తీయలేదని అడిగాను.

“సామాను రావాలి సార్, పీణ్య నించి.”

“బాగానే తిరుగుతోంది కదయ్యా.”

“తిరుగుతా ఉండాది. అయినా సామాను రావాలి.”

ఏం సామాను అంటే చెప్పడు. పీణ్య అంటే ఊరి చివర ఫ్యాక్టరీల పేట; అక్కడ ఏ షాపు అంటే చెప్పడు. ఖాళీ గోడకు ఒక బోర్డు కొడితే, పిల్లలను తీసుకొచ్చిన టీచరమ్మ ఎవరో అదీ చూడదగిన వస్తువే అనుకొని, అందరిచేతా నోట్సు రాయించింది. గోడకేమైందయ్యా అంటే, ఏమీ కాకముందే పెట్టానన్నాడు.

అంతెందుకు, భోజనం చేసి కుర్చీలో ఒక కునుకు తీసి లేచేసరికి నా మెడలోనే బోర్డు. కాలేజీ కుర్రాళ్లు పక్కన నిలబడి ఫోటో దిగుతున్నారు. నోటికొచ్చినట్టు తిట్టాను. “ఎవురూ లేపకుండా ఉంటారని ఏసినా సార్,” అన్నాడు, అదేదో ఉపకారమైనట్టు.

అన్నిటికంటే నా ప్రాణం తోడేసింది ఆవిరి ఇంజను వెనక గది. అక్కడి బోర్డు తుప్పు పట్టింది గాని దిగలేదు. తాళంచెవి అశ్వత్థప్ప మొలతాడుకు ఉండేది. ఎప్పుడు అడిగినా పీణ్యే.

ఇంతలో కొత్త డైరెక్టరుగా అమరనాథ్ గారు వచ్చారు. మ్యూజియమంతా తిరిగి చూస్తూ ఆ తలుపు దగ్గర ఆగి, లోపల ఏం రిపేరని నన్ను అడిగారు. నేను అశ్వత్థప్పను చూశాను. అతను కప్పు చూశాడు. డైరెక్టరుకు విషయం అర్థమైంది. రేపు మధ్యాహ్నం వచ్చేసరికి గది తెరిచి ఉండాలి, లేకపోతే మీ ఇద్దరినీ ఊరవతల గోడౌనుకు పంపుతాను, అక్కడ బోలెడంత పాత సామాను కాపలాకు ఎదురుచూస్తోంది అన్నారు. రిటైర్మెంటు ముందర, ఈ మోకాళ్లతో, నాకు గోడౌను.

మర్నాడు ఆఫీసు నుంచి మారుతాళంచెవి తెప్పించి, డైరెక్టరు కంటే ముందే వెళ్లి తలుపు తోశాను.

లోపల మా ఊడ్చే ఆడవాళ్లంతా కూర్చొని అన్నం తింటున్నారు. వాళ్ల కాంట్రాక్టరు నియమం ఒకటుంది: చూడవచ్చినవాళ్ల కంటికి కనిపించేలా ఎక్కడా కూర్చోకూడదు. కనిపించకుండా కూర్చునే చోటు మాత్రం ఎవరూ ఇవ్వలేదు. వాళ్లు కూర్చున్న బెంచీ, పోయిందని నేను ఊరంతా వెతికించిన బెంచీ. పైన తిరుగుతున్న ఫ్యాను, పనికిరాదని నేను పారేయించిన ఫ్యాను. వాళ్లలో వెంకటలక్ష్మి వాచిన పాదాలను వేడినీళ్ల బకెట్లో పెట్టుకొని ఉంది. నన్ను చూసి బకెట్లోనే లేచి నిలబడింది.

“పెద్ద సారుకు చెప్పొద్దండి. మళ్లా బాత్రూముల వెనక నిలబడి తినాల.”

వెనక బూట్ల చప్పుడు. నేను తలుపు మూసి దానికి వీపు ఆనించాను.

“తెరిచారా?” అన్నారు అమరనాథ్ గారు.

“తెరిచాను సార్. చూసి వెంటనే మూశాను. లోపలంతా మహారాజుల కాలం నాటి పైపులు. ఒక్కటి ముట్టుకుంటే ఇంజను మునుగుతుంది, విమానం తేలుతుంది.”

అబద్ధమాడితే నాలుక మీద మిరపకాయ పెడతామని కాన్వెంటులో సిస్టరమ్మలు బెదిరించేవారు. ఆరోజు నా నాలుక చల్లగానే ఉంది.

డైరెక్టరు ముక్కు ఎగబీల్చారు. తలుపు సందులోంచి చిత్రాన్నం వాసన కమ్మగా వస్తోంది. లోపల ఎవరో నవ్వు ఆపుకోలేక దగ్గారు.

“పైపులకు పోపు కూడా పెడతారా?”

 డైరెక్టరు వెనకే వచ్చి అంతవరకూ కప్పు చూస్తున్న అశ్వత్థప్ప మెల్లగా అన్నాడు.

“సామాను రావాలి సార్.”

“పీణ్య నుంచి,” అన్నాను నేను.

అమరనాథ్ గారు మా ఇద్దరినీ మార్చి మార్చి చూశారు. దగ్గరికొచ్చి, ఒక పక్కకు ఒరిగిన బోర్డును సరిగ్గా నిలబెట్టారు.

“వచ్చేదాకా ఎవరినీ ముట్టనివ్వకండి,” అని వెళ్లిపోయారు.

ఇన్నేళ్లూ నాకు ఒక్క మాట చెప్పలేదేమని అశ్వత్థప్పను కడిగేద్దామని తిరిగాను. అతను నా మోకాళ్ల వంక చూస్తున్నాడు.

“బెంచీ మీద ఇంగొకరికి చోటు ఉండాది సార్. రాండి.”

అప్పటినుంచి మధ్యాహ్నం పూట నాకోసం ఎవరొచ్చినా ఇంజను దగ్గర ఒకటే జవాబు వినిపించేది.

“సార్ రిపేరులో ఉండారు.”