కింది దవడ

రాతి పనిముట్లతో మొదలై ఉపగ్రహ నమూనాతో ముగిసే ఆ విజ్ఞాన ప్రదర్శనశాలలో, మొదటి గదిలో నిలబడి ఉండే ఆదిమ స్త్రీని మైనంతో మలచినది బొమ్మలాయనే. అప్పట్లో తవ్వకాల్లో పుర్రె పైభాగం మాత్రమే దొరికింది. కింది దవడ దొరకలేదు. ఎముక ఉన్నంత మేరా ఆయన కొలతలను వెంట్రుకవాసి కూడా దాటలేదు. లేనిచోట మాత్రం, తల్లిలేని తనను పెంచిన అక్క మూతినీ, నడుమ చిన్న సొట్టతో సహా ఆమె చుబుకాన్నీ పెట్టాడు. అక్క జ్వరంతో పోయేనాటికి ఆయనకు ఆరేళ్లు. ఇంట్లో ఆమె ఫొటో ఒక్కటీ లేదు. ఆమె రూపమంటూ లోకంలో మిగిలింది ఆ కాస్త మైనమే.

ఈ ఏడు ఆ దవడ బయటపడింది. వెనక్కి వాలిన ఎముక, చుబుకమన్నదే లేదు.

"మార్చక తప్పదు మాస్టారూ," అంది గ్యాలరీ అధికారిణి, దవడ నమూనాను బల్ల మీద పెడుతూ. ఆమె మాట సబబే. ఎదురు చెప్పడానికి ఆయన దగ్గర ఆధారమేమీ లేదు.

"ఏం గురూ, మీ ఆవిడకి మూతి మారుస్తున్నావట!" అన్నాడు నిచ్చెన మీది నుంచి ఎలక్ట్రీషియన్. "మా ఇంట్లో ఆవిడ కూడా రోజూ మూతి తిప్పుకునే ఉంటుంది. పనిలో పనిగా కాస్త చూడు."

"ముందు నీ నోట్లో ప్లాస్టరు పోస్తాను, దిగు," అన్నాడు గానీ ఆయనకు నవ్వు రాలేదు.

కోసేముందు ఆ భాగానికి అచ్చు తీసి ఇంటికి తీసుకుపోవాలని ఆయన ఆలోచన. అక్కను ఎరిగినవాళ్లలో మిగిలింది అన్న ఒక్కడే కనుక, అతనికీ ఒకసారి చూపిద్దామని పిలిపించాడు. అన్న కర్ర ఊతంగా వచ్చి, కళ్లజోడు పైకి తోసి చాలాసేపు చూశాడు.

"ఎవర్రా ఈవిడ?"

"సరిగ్గా చూడన్నయ్యా. మూతి దగ్గర."

"ఓరి నీ! పక్కింటి పిన్ని! సొట్టతో సహా దించేశావే."

"అక్క, అన్నయ్యా."

"అక్కేంట్రా, నీ మొహం! అక్కది నాన్న పోలిక, పలక దవడ. అక్క పోయాక నిన్ను చంకనేసుకుని తిరిగింది పిన్నే గదా." తమ్ముడి ముఖం చూసి గొంతు తగ్గించాడు. "పసివాడివి అప్పుడు. నీకేం గుర్తుంటుందిరా."

అన్నకు అప్పటికి పద్నాలుగేళ్లు. ఇద్దరి సాక్ష్యాల్లో ఏది నమ్మదగినదో బొమ్మలాయన ఎవరినీ అడగనక్కర్లేదు.

అచ్చు కోసం కలపడానికి తీసిన ప్లాస్టరును తిరిగి సంచిలో పోసేశాడు. కత్తిని మంట మీద వేడిచేసి, ఈ చెవి కింది నుంచి ఆ చెవి కిందిదాకా ఒక్క గీతలో కోశాడు. కొత్త దవడ చక్కగా అతికింది. అధికారిణి మెచ్చుకుంది, ఆయన తలూపాడు.

ఆమె వెళ్లాక స్టూలు మీద కూర్చుని, అక్కను తలచుకుందామని కళ్లు మూసుకున్నాడు. నుదురు వచ్చింది, కళ్లు వచ్చాయి. ముక్కు కింద ఏమీ రాలేదు.