నేత్రక్క తిరిగి చేసిన ఫోను

సాదలిలో మా పక్కిల్లు మునికృష్ణప్పది. నేత్రక్క ఆ ఇంటి కోడలు. పుట్టి పెరిగింది చింతామణిలో. అక్కడ వాళ్ళ నాన్నకు జెరాక్సు అంగడి ఉండేది. పెళ్ళికి ముందు అక్కే అంగట్లో కూర్చుని, కన్నడం వాళ్ళతో కన్నడంలో, మనవాళ్ళతో తెలుగులో మాట్లాడుతూ పనులు చేసిపెట్టేదట. ఆ సంగతి చెప్పేటప్పుడు ఆమె చేతులు కూడా మాట్లాడేవి. ఇక్కడికి వచ్చాక ఆమెకు మిగిలింది మల్బరీ తోట, పట్టుపురుగుల ఇల్లు.

"పురుగులు మంచివే భానూ. అయితే తిరిగి పలకవు" అనేది నవ్వుతూ.

పదో తరగతి మధ్యలో బడి మానేసినప్పటి నుంచి నేను వాళ్ళింట్లో ఆకుపనికి పోతున్నాను. నేను ఎక్కువ మాట్లాడను. అందుకేనేమో, నేత్రక్క నా దగ్గర అన్నీ చెప్పేది. ఆమె కోరిక పెద్దదేమీ కాదు. పొద్దున బస్సుకు పోవాలి. ఒక కుర్చీలో కూర్చోవాలి. ముక్కూ మొహం తెలియని మనుషులతో మాట్లాడి, సాయంత్రం బస్సుకు ఇల్లు చేరాలి. శిడ్లఘట్ట పోయే బస్సు హారను వినిపిస్తే ఆమె చేతిలో కొడవలి కాసేపు ఆగేది. బస్సు మలుపు తిరిగాక మళ్ళీ కదిలేది.

పోయిన వేసవిలో, బయట ఊళ్ళో పని చేసే ఆమె భర్త నందీశన్న ఒక మెసేజ్ పంపాడు. చిక్కబళ్ళాపురంలో ఒక కంపెనీ టమాటా, ద్రాక్ష రైతులకు ఫోనులోనే సలహాలు చెబుతుందట. తెలుగు, కన్నడం రెండూ వచ్చిన ఆడవాళ్ళు కావాలట. నేత్రక్క పేరు, నంబరు పంపింది. రెండో రోజే కబురు వచ్చింది, ఫోనులోనే ఇంటర్వ్యూ అని.

ఇంట్లో సిగ్నలు ఉండదు. తోటలో బోరు దగ్గర గట్టు మీద అయితే బాగుంటుంది. ఆ రోజు అక్క తల దువ్వుకుని, ఉతికిన చీర కట్టుకుని తోటకు వచ్చింది.

"ఫోనులో చీర కనిపిస్తాదా అక్కా?" అన్నాను.

"నాకు కనిపిస్తాది కదే" అంది.

ఆమె ఫోను చెవి దగ్గర పెట్టుకుంటే వినిపించదు, స్పీకరు వేయాల్సిందే. అందుకని గట్టు కింద ఆకు కోస్తున్న నాకు కూడా మాటలన్నీ వినిపించాయి. అవతల మాట్లాడింది అక్షత అనే మేడమ్. మొదట కన్నడంలో అడిగింది, తర్వాత తెలుగులోకి మారింది. అక్క గొంతు మొదట సన్నగా ఉండి, మెల్లగా గట్టిపడింది.

"రైతు ఫోను చేసి కోపంగా తిడతాండాడు అనుకోండి. మీరేం చేస్తారు?"

"మా మామ దినమ్మూ తిడతాడు మేడమ్. ఆ తిట్లు అయిపోయే దాకా వింటా. ఆనక, చెట్టు ఎట్ల ఉండాది, ఆకు మీద ఏమన్నా మచ్చ ఉండాదా అని అడుగుతా."

మేడమ్ నవ్వింది. ఇంకేదో అడగబోతుండగా కరెంటు వచ్చింది. మోటరు దానంతట అదే గుర్రుమని మొదలైంది. అక్క ఒక్క క్షణం కూడా తడబడలేదు.

"మేడమ్, త్రీఫేసు వచ్చింది. మోటరు పక్కన ఉండాను. కొంచెం దూరం పోతా, పెట్టేయొద్దండి" అని చెప్పి, చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని ఆకుల మధ్య పరుగెత్తింది. వెనకాలే నేనూ పోయాను. చివర్లో మేడమ్ చెప్పిన మాట నాకు బాగా గుర్తుంది.

"నాకైతే మీరు నచ్చినారు. ఇంట్లో అడిగి ఆలోచించుకోండి. రావాలని ఉంటే ఈ వారంలోగా ఒకసారి ఫోను చేసి చెప్పండి."

అక్క ఆ రాత్రి అన్నం తినేటప్పుడు ఆ మాటే చెప్పింది. మునికృష్ణప్ప చెయ్యి కడుక్కుంటూ, "బాగుండాది. వాళ్ళకి కావాలంటే వాళ్ళే చేస్తారులే" అన్నాడు.

"నన్నే చెయ్యమన్నారు మామా."

"మర్యాదకి అట్లనే అంటారమ్మా. ఆడపిల్లని చూసి పోయినోళ్ళని ఆడపిల్ల తరపోళ్ళు అడుగుతారా? మనమే అడిగితే చులకనైపోతాం. దీనికి యాడా దిక్కు లేదనుకుంటారు."

అత్త చిక్కమ్మ కూడా అదే మాట అంది. "నిన్ను చూసిపోయినంక మేము పురుగుల పనిలో పడి నెల దాకా కబురే పెట్టలేదు. మీ నాయన ఒక్కసారన్నా అడిగినాడా? గట్టి మనిషి అనుకున్నాం. అడిగింటే, ఏందో లోపం ఉండాదని వదిలేస్తాంటిమి."

ఇది మా పక్క ఉండే పద్ధతే. నేత్రక్క కూడా అందులోనే పెరిగింది. వాళ్ళ నాన్న ఆ నెలంతా అంగట్లో ఫోను మోగినప్పుడల్లా ఎలా ఉలిక్కిపడ్డాడో ఆమె కళ్ళారా చూసింది. అయినా ఆయన అడగలేదు. అందుకే ఆమె ఎదురు మాట్లాడలేదు. అడగకుండా ఉండడమే గౌరవమని తనకు తాను చెప్పుకుంది.

అప్పుడు పురుగులు పెద్ద జ్వరం లేచి ఉన్నాయి. అంటే నాలుగోసారి పొర విడిచి, ఆకలి మీద ఉన్నాయి. ఎంత ఆకు వేసినా చాలదు. అక్క ఫోనును ప్లాస్టిక్ కవరులో చుట్టి నడుముకు దోపుకుని ఆకు కోసేది. మోగితే కొడవలి పడేసి, తడి చేతులు చీరకు తుడుచుకుని, కవరు విప్పేలోపు రెండుసార్లు కింద పడేసుకునేది. లోను కావాలా అని అడిగే పిల్ల. ఆకు అమ్ముతారా అని గూళూరు నుంచి ఎవరో. చార్జరు మర్చిపోయానని నందీశన్న.

"భానూ, నీ ఫోనులోంచి నాకు ఒకసారి కొట్టు" అంది ఒక సాయంత్రం.

కొట్టాను. మోగింది. ఆమె తీయలేదు, మోగుతుంటే వింటూ కూర్చుంది. తర్వాత, "బాగానే ఉండాదిలే" అని కవరులో పెట్టుకుంది.

వారం దాటింది. పురుగులు పండి పసుపుపచ్చగా మెరిశాయి. వాటిని ఏరి, గూళ్ళు కట్టే వెదురు చంద్రికల మీదికి ఎక్కించాం. గూళ్ళు విడిపించి మునికృష్ణప్ప శిడ్లఘట్ట మార్కెట్టుకు తీసుకుపోయాడు. సాయంత్రం ఇంటికి వచ్చి కాఫీ తాగుతూ గొప్పగా చెప్పాడు.

"మొదట పలికిన ధరకి నేను ఒప్పుకోలా. గూడు చేతికిచ్చి, 'ఒత్తి చూడప్పా, ఇట్లాది యాడుండాది?' అని నేనే అడిగినా. మళ్ళీ ఎక్కువకి పలికినారు."

నేత్రక్క గడప దగ్గర తట్టలు సర్దుతోంది. తల ఎత్తకుండానే అడిగింది.

"నువ్వే అడిగినావా మామా?"

"అడక్కపోతే ఎవరిస్తారు?"

"చులకన కాలేదా?"

ఆయన కాఫీ గ్లాసు నోటి దాకా పోయి ఆగింది. చిక్కమ్మ పక్కున నవ్వింది. "చెప్పబ్బా! గూళ్ళకొక న్యాయం, కోడలికొక న్యాయమా?"

"వ్యాపారం వేరే" అన్నాడాయన, అంత గట్టిగా కాదు.

అక్క లేచి తోట దారి పట్టింది. నన్ను రమ్మనలేదు, వద్దనీ అనలేదు. గట్టు మీద నిలబడి నంబరు నొక్కి, మోగకముందే ఒకసారి పెట్టేసింది. మళ్ళీ నొక్కింది.

"సాదలి నేత్ర మేడమ్. ఇంటర్వ్యూ..."

"మోటరు నేత్రనా!" అవతలి గొంతులో నిజంగానే సంతోషం ఉంది. అది కాసేపట్లో తగ్గింది. "ఎందుకమ్మా ఇన్ని దినాలు చేయలేదు? వారమంతా మీ ఫోను కోసమే చూసినా. ఇష్టం లేదేమో అనుకుని సోమవారం ఇంకొకరిని తీసుకుంటిమి."

అక్క ఫోనును రెండు చేతులతో పట్టుకుంది.

"మా పనే అది కదమ్మా. రైతు ఒకసారి అడిగి ఊరుకుంటాడు. మందు కొట్టినాడా, చెట్టు కోలుకుందా అని మనమే మళ్ళీ ఫోను చేసి అడగాల. మీరు అడుగుతారా లేదా అని చూద్దామనే మిమ్మల్ని చేయమన్నా."

"మీరే చేస్తారని..." అని ఆగిపోయింది అక్క. మా ఇళ్ళ సంగతి అంతా చెప్పబోయి మింగేసిందని నాకు తెలిసింది. గొంతు సవరించుకుని, "ఇంకొక చోటు ఏమన్నా వస్తాదా మేడమ్?" అంది.

"బాగేపల్లిలో ఆఫీసు తెరవాలని ఉండారు. ఎప్పుడో నాకే తెలీదు. అప్పుడప్పుడూ ఫోను చేస్తా ఉండండి."

"చేస్తా. మీకు విసుగొచ్చినా చేస్తా."

ఫోను పెట్టేసి కవరులో చుట్టింది. ఏడుస్తుందేమోనని చూశాను. ఏడవలేదు. చిక్కబళ్ళాపురం వైపు చూస్తూ, "ఇప్పుడు ఆ కుర్చీలో ఎవరో కూర్చోనుంటారు కదా" అంది. నేను తలూపాను.

ఇంటికి వచ్చేసరికి మునికృష్ణప్ప వాకిట్లోనే నిలబడి ఉన్నాడు. "ఏమన్నారమ్మా?"

"ఇంకొకరిని తీసుకున్నారంట మామా. వారమంతా నా ఫోను కోసం చూసినారంట."

ఆయన తువ్వాలు భుజం మార్చుకున్నాడు.

"బాగేపల్లికి పోవాలంటే బస్సు యాడ మారాల మామా?" అని అడిగింది అక్క.

ఆయన వెంటనే జవాబు చెప్పాడు, అడిగినందుకే బతికిపోయినట్టు. ఇక్కడినుంచి నేరుగా పోయే బస్సు దొరకడం కష్టమట. శిడ్లఘట్టలో దిగాలట, అక్కడినుంచి చిక్కబళ్ళాపురం, అక్కడ బాగేపల్లి బస్సు ఎక్కితే పెరేసంద్ర మీదుగా పోతుందట. ఎక్కడ సీటు దొరుకుతుందో, ఏ పక్క ఎండ పడుతుందో కూడా చెప్పాడు.

"దూరమమ్మా. దినమ్మూ పోయి రావాలంటే కష్టం" అన్నాడు చివరికి.

"చెప్పు మామా, పెరేసంద్ర దాటినంక?" అంది నేత్రక్క.

ఆయన మళ్ళీ మొదలుపెట్టాడు. ఒక్కో ఊరి పేరు దగ్గరా ఆమె కళ్ళు కాసేపు ఆగి, ముందుకు పోతున్నాయి.